షుగర్ లేనివాళ్ళకు షుగర్ మాత్ర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

సోంపేటలో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కొన్నాళ్ళుగా నా కౌంటరు దగ్గర జరుగుతున్న ఒక సంగతి చూసి ఊరుకోలేక రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, చోటు చాలకపోతే కత్తిరించుకోండి గానీ కిడ్నీల గురించి రాసిన ముక్క మాత్రం తీసేయొద్దని మనవి.

మొన్నామధ్య ఒక సోమవారం పొద్దున్న షట్టర్ ఎత్తి అగరొత్తులు వెలిగిస్తుండగానే కవిటి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఏభై అయిదేళ్ళుంటాయి, కొబ్బరి దింపు పని. అరిచేతులూ పాదాల లోపలి పక్కలూ చెట్టు ఒరిపిడికి కాయలు కాసి నల్లగా ఉన్నాయి. జేబులోంచి ఫోన్ తీసి, పగిలిన అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి నా ముందు పెట్టాడు. ఏదో పేపరు కటింగ్ ఫొటో. పేపరు పేరు లేదు, తేదీ లేదు, పైన కత్తిరించేశారు. షుగర్ మాత్రా విటమిన్ డీ కలిపి వాడితే పేగు క్యాన్సర్ రాదన్న హెడ్డింగ్ చుట్టూ మాత్రం ఎర్రగా సున్నా చుట్టి ఉంది. "మా తమ్ముడు దాంతోనే పోనాడు గదా బాబూ, నాకూ వస్తాదేటో అని మా బుల్లోడు హైదరాబాదు నుంచి పంపాడు. ఆ మాత్రలేవో నెలకి సరిపడా ఇచ్చీ" అన్నాడు.

"నీకు షుగరుందా మావయ్యా?" అని అడిగాను. లేదు. "ఎప్పుడైనా కిడ్నీ టెస్టు చేయించుకున్నావా?" అదీ లేదు. "నాకేటయింది, చెట్టెక్కి దిగుతున్నాను గదా" అన్నాడు.

ఆ నెలలో ఆ రెండు మందులూ కలిపి అడిగినవాళ్ళలో ఆయన నాలుగోవాడు. ఆయనతో కలిపి ముగ్గురికి షుగర్ లేదు. మిగిలిన ఒకామెకి షుగరుంది, ఆ షుగర్ మాత్ర, అంటే మెట్‌ఫార్మిన్, ఎలాగూ వాడుతోంది, దానికి తోడు విటమిన్ డి పొడి ప్యాకెట్లు రోజుకొకటి చొప్పున ముప్పై ఇమ్మంది. ఒక్కో ప్యాకెట్లో 60,000 యూనిట్లుంటుంది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ముందు ఒక మాట. ఆ కటింగులో ఉన్నది పచ్చి అబద్ధం కాదు. అందుకే నాకు ఎక్కువ భయంగా ఉంది. అబద్ధమైతే ఒక్క మాటతో కొట్టిపారేయొచ్చు. ఇందులో నిజం ఉంది, కానీ ఎవరి మీద ఎంతవరకు నిజమో ఆ సగం పోయింది. ఆ సగం ఏమిటో నాకు తెలిసినంతలో చెప్తాను. నేను డాక్టర్ని కాను, ఫార్మసీ చదువుకున్నవాణ్ణి, మందు ఒంట్లోకి ఎలా వెళ్తుందో ఎలా బయటికి వస్తుందో చదవడమే మా చదువు.

మెట్‌ఫార్మిన్ కొత్త మందేమీ కాదు. యూరప్‌లో పొలాల గట్ల మీద పెరిగే గలేగా అనే మొక్కలోని పదార్థం నుంచి దాని కథ మొదలైంది, 1922లోనే ల్యాబులో తయారు చేశారు, 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు షుగర్ రోగులకు వాడి ఫలితాలు రాశాడు. అమెరికా అయితే 1994 దాకా అనుమతే ఇవ్వలేదు. ఇవాళ మన ఊళ్ళలో షుగర్ ఉన్న ఇంట్లో ఈ మాత్ర లేని ఇల్లు ఉండదు. స్కాట్లాండ్‌లో డాక్టర్లు షుగర్ రోగుల రికార్డులు తిరగేసి, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో క్యాన్సర్లు తక్కువగా కనిపించాయని 2005లో రాశారు. అక్కడి నుంచి అందరి చూపూ దీని మీద పడింది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే కణాలకు పెరగమని చెప్పినట్టే, మెట్‌ఫార్మిన్ ఆ ఇన్సులిన్‌ని తగ్గిస్తుంది. దానికి తోడు కణం లోపల ఏఎంపీకే అనే ఒక మీటను నొక్కుతుంది, అప్పుడు కణం 'తిండి తక్కువగా ఉంది, పెరుగుదల ఆపు' అనుకుంటుంది. కాబట్టి ఆలోచన మంచిదే.

విటమిన్ డి సంగతి ఇంకా పాతది. గార్లాండ్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములిద్దరు అమెరికాలో ఎండ తక్కువ తగిలే రాష్ట్రాల్లో పెద్దపేగు క్యాన్సర్ చావులు ఎక్కువున్నాయని గమనించి, ఎండవల్ల తయారయ్యే విటమిన్ డి కాపాడుతోందేమోనని 1980లో రాశారు. పెద్దపేగు లోపలి పొరలో విటమిన్ డి వచ్చి అతుక్కునే చోట్లున్న మాట నిజం, అక్కడి కణాలు అడ్డదిడ్డంగా పెరగకుండా చూస్తుందన్న మాటా నిజమే.

ఇక ఈ రెంటినీ కలిపి ఇచ్చిన పరిశోధన. అది 2015లో క్యాన్సర్ నివారణ మీద వచ్చే ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. అందులో రాసింది ఎలుకల గురించి, చుంచుల గురించి. వాటికి డైమిథైల్‌హైడ్రజీన్ అనే విషం లాంటి రసాయనం ఎక్కించి పేగులో కణుతులు పుట్టేలా చేశారు, కొన్నిటికి విటమిన్ డి, కొన్నిటికి మెట్‌ఫార్మిన్, కొన్నిటికి రెండూ ఇచ్చారు. రెండూ ఇచ్చిన వాటిలో కణుతులు బాగా తగ్గాయి, విడివిడిగా ఇచ్చినదాని కంటే కలిపి ఇస్తే మేలన్నారు. శాస్త్రవేత్తలు చేయాల్సిన పని వాళ్ళు చేశారు, పేరులోనే ఎలుకలని రాసుకున్నారు, వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఆ మావయ్య ఫోన్లోని కటింగుని నేను కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఎలుక అన్న మాట ఎక్కడా లేదు. చివర కత్తిరించేశారో, అసలు రాయనే లేదో గానీ, ఆ ఒక్క మాట ఉంటే ఆ మావయ్య బస్సు ఛార్జీ పెట్టుకుని నా షాపుకి వచ్చేవాడు కాదు.

మనుషుల మీద చూసినవి ఉన్నాయా అంటే, విడివిడిగా ఉన్నాయి. జపాన్‌లో యొకొహామా డాక్టర్లు చేసినది నాకు బాగా నచ్చింది, 2016లో వచ్చింది. షుగర్ లేనివాళ్ళనే తీసుకున్నారు. పేగులో పాలిప్స్, అంటే లోపలి గోడ మీద పిలకల్లా లేచే చిన్న కండలు, వాటిని కొలనోస్కోపీలో, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పేగు లోపల చూసే పరీక్షలో, తీయించుకున్న 151 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజూ 250 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్, రెండో గుంపుకి మందులేని మాత్ర ఏడాది పాటు ఇచ్చారు. ఏడాది తర్వాత మళ్ళీ లోపలికి చూస్తే మందు లేనివాళ్ళలో 100కి 57 మందికి పాలిప్స్ మళ్ళీ వచ్చాయి, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో 38 మందికే. బాగుంది కదా. కానీ చూడండి, వాళ్ళు చూసింది పాలిప్స్, క్యాన్సర్ కాదు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ళ దాకా పడుతుంది, వాళ్ళు చూసింది ఒక్క ఏడాది. మా షాపుకొచ్చినవాళ్ళు అడిగేది 500 మాత్ర, వాళ్ళిచ్చింది 250, అదీ డాక్టర్ల కళ్ళ ముందు. ఆ 151 మందికీ ముందే కొలనోస్కోపీ అయింది. మన మావయ్యకి ఆ పేరే తెలియదు.

విటమిన్ డి మీద అయితే మనుషుల్లో చాలా పెద్దవే జరిగాయి, జవాబు నిరాశగానే వచ్చింది. అమెరికాలో 36,282 మంది ఆడవాళ్ళకి ఏడేళ్ళ పాటు కాల్షియం, విటమిన్ డి ఇచ్చి చూస్తే పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదని 2006లో తేలింది. మోతాదు తక్కువైందేమో అన్నారు. పాలిప్స్ తీయించుకున్న 2,259 మందికి రోజుకి 1,000 యూనిట్లిచ్చారు, కొత్త పాలిప్స్ తగ్గలేదని 2015లో రాశారు. తర్వాత 25,871 మందితో ఇంకా పెద్దది చేసి రోజుకి 2,000 యూనిట్లిచ్చారు, అయిదేళ్ళు దాటాక చూస్తే క్యాన్సర్లు వచ్చే సంఖ్యలో తేడా లేదు. ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో ఎందుకు పనిచేయలేదంటే, ఎలుకకి మనం రసాయనం ఎక్కించి వారాల్లో తెప్పించిన జబ్బు వేరు, మనిషిలో పాతికేళ్ళ తిండి, పొగాకు, తాగుడు, వంశం అన్నీ కలిసి తెచ్చిన జబ్బు వేరు.

విటమిన్ కదా, మేలు చేయకపోతే పోయింది, కీడైతే చేయదు కదా అని చాలామంది నాతో అంటారు. ఫిన్లాండ్‌లో ఇదే అనుకున్నారు. సిగరెట్లు తాగే 29,133 మంది మగవాళ్ళని తీసుకుని కొందరికి బీటా కెరోటిన్ ఇచ్చారు, అదే క్యారెట్లో ఉండేది, ఒంట్లో విటమిన్ ఎ గా మారేది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని వాళ్ళ ఆశ. 1994లో లెక్క చూస్తే ఆ మాత్ర మింగినవాళ్ళలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఈ సంగతి చదివిన రోజు నుంచి నేను విటమిన్ మాత్రని కూడా మందులాగే చూస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ వార్త ఏలూరులోనో తిరుపతిలోనో చదివినవాళ్ళకి ఏమో గానీ మన ఉద్దానంలో చదివినవాళ్ళకి మాత్రం ఇది ప్రాణం మీది సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం — ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు గురించి మీ పేపర్లో ఎన్నో ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారంటే ఇక్కడ బాధ ఎంతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కేమిటంటే, చాలామందికి షుగర్ ఉండదు, బీపీ ఉండదు, కాళ్ళు వాయవు, మూత్రంలో మంట ఉండదు. మనిషి పనికి వెళ్తూనే ఉంటాడు, చెట్టెక్కుతూనే ఉంటాడు, లోపల కిడ్నీ సగానికి పైగా పోయి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం, ఎంతుందో చూస్తే తప్ప తెలియదు.

మెట్‌ఫార్మిన్ ఒంట్లో కరిగి వేరే పదార్థంగా మారిపోయే మందు కాదు. మింగింది మింగినట్టే కిడ్నీ గుండా మూత్రంలో బయటికి పోవాలి. కిడ్నీ వడకట్టే శక్తి (రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ అని రాస్తారు) 30 కంటే తక్కువుంటే ఈ మందు వాడకూడదు, 30 నుంచి 45 మధ్య ఉన్నవాళ్ళకి కొత్తగా మొదలుపెట్టకూడదు. షుగర్ రోగుల విషయంలోనే ఇది నియమం. కిడ్నీ బయటికి పంపలేకపోతే మందు రక్తంలో పేరుకుంటుంది, అరుదుగానే అయినా రక్తంలో ఆమ్లం పెరిగి మనిషి చచ్చిపోయే ప్రమాదం ఉంది. దీని అక్క లాంటి ఫెన్‌ఫార్మిన్ అనే మందుని అమెరికాలో 1970ల్లో ఆ కారణంతోనే మార్కెట్ నుంచి తీసేశారు. మెట్‌ఫార్మిన్ దానికంటే ఎంతో భద్రం, కిడ్నీ బాగున్నవాళ్ళకి దశాబ్దాలుగా వాడుతున్నారు. కిడ్నీ బాగున్నవాళ్ళకి అన్న మాట దగ్గరే మన జిల్లా ఆగి చూసుకోవాలి.

విటమిన్ డి కూడా కిడ్నీ దగ్గరికే వస్తుంది. ఎండ నుంచి వచ్చినా ప్యాకెట్ నుంచి వచ్చినా ఆ విటమిన్ పనిచేసే రూపంలోకి మారేది ఎక్కువగా కిడ్నీలోనే. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి, అది మళ్ళీ కిడ్నీనే దెబ్బతీస్తుంది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ళు పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు చాలంటారు. 60,000 యూనిట్ల ప్యాకెట్ అంటే నూరు రోజులది ఒక్క పూటలో. లోపం ఉన్నవాళ్ళకి డాక్టర్లు వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు, అది సరైన పనే. నా దగ్గర ముప్పై అడిగిన ఆమె రోజుకొకటి పాలల్లో కలుపుకుందామనుకుంది, అంటే నెలలో 18 లక్షల యూనిట్లు. కిడ్నీ డాక్టర్లు కూడా కొందరికి విటమిన్ డి రాస్తారు, మా షాపుకే ఆ చీటీలు వస్తాయి, కానీ వాళ్ళు కాల్షియం, ఫాస్ఫరస్ పరీక్షలు చూసి రాస్తారు, మళ్ళీ మళ్ళీ చూస్తారు.

అందుకే ఆ సోమవారం ఆ మావయ్యకి మాత్రలివ్వలేదు. ఆయనకి కోపం వచ్చింది. రెండు రూపాయల మాత్రకి ఇన్ని ప్రశ్నలేటి అన్నాడు, ఎదురు షాపులో తీసుకుంటానన్నాడు. చేయి పట్టుకుని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మా కుర్రాణ్ణి తోడిచ్చి ప్రభుత్వాస్పత్రికి పంపి రక్తం ఇప్పించాను. సాయంత్రానికి రిపోర్టు తీసుకుని మా కుర్రాడే వచ్చాడు. క్రియాటినిన్ 2.6. ఆయన వయసుకి లెక్కేస్తే వడకట్టే శక్తి 28. అంటే షుగర్ ఉన్నా సరే, ఏ డాక్టరూ ఆయనకి ఆ మాత్ర రాయడు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని నేను చాలాసేపు కౌంటరు వెనక కూర్చుండిపోయాను. అంతకు ముందు ఆ నెలలో అడిగిన ఇద్దరికి నేను ఇవ్వలేదు, కానీ టెస్టు చేయించుకోమని కూడా చెప్పలేదు, వాళ్ళది ఏ ఊరో కూడా నాకు తెలియదు. ఎదురు షాపులో కొనుక్కున్నారేమో.

షుగర్ కోసం ఇప్పటికే మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళు ఈ ఉత్తరం చూసి మానేయకండి, అది నా ఉద్దేశం కాదు. మీ డాక్టరు చెప్పిందే వాడండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు క్రియాటినిన్ చూపించుకోండి, ఏళ్ళ తరబడి వాడుతుంటే విటమిన్ బి12 కూడా చూపించుకోండి, ఈ మాత్ర దాన్ని తగ్గిస్తుంది, అది తగ్గినా కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. కాళ్ళ తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకోవద్దు.

మరి పేగు క్యాన్సర్ అంటే భయపడే మనిషికి ఏం చెప్పాలి? ఆ మావయ్య భయం నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనూ జరిగింది. మా అప్ప వాళ్ళాయన, మా బావ, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. నలభై ఆరేళ్ళు. విరేచనంలో రక్తం పడుతోందని నాకు ఫోన్లో చెప్తే నేనే మొలలు అన్నాను. నేనే ఆయింట్‌మెంట్ పంపాను, సుఖవిరేచనానికి పొడి పంపాను. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండేది. తర్వాత ఎవరో చెప్తే మొలలకి ఇంజెక్షన్లు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాడు, డిగ్రీ ఉందో లేదో తెలియదు, అక్కడ నాలుగు నెలలు. మొహం పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, రక్తం తక్కువైందని ఐరన్ టానిక్ కూడా నా షాపులోంచే వెళ్ళింది. రక్తం ఎందుకు తక్కువైంది, ఎటు పోతోంది అని నేను అడగలేదు. పద్నాలుగు నెలలు ఇలా గడిచాక విశాఖపట్నం తీసుకెళ్తే, అక్కడి డాక్టరు గ్లవ్ వేసుకుని వేలితో చూశాడు, అర నిమిషం పట్టిందేమో. గడ్డ వేలికి తగులుతోందన్నాడు. స్కాన్‌లో లివర్‌కి పాకిపోయి ఉంది. తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా అప్ప నన్ను ఒక్క మాట అనలేదు, టిఫిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని శ్రీకాకుళం రోడ్డు స్టేషను వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

అర నిమిషం పరీక్ష. ఆ ఏడాదంతా ఎవరూ చేయలేదు, అడగడానికి బావకి సిగ్గు, చెప్పడానికి నాకు తోచలేదు. మన ఊళ్ళలో విరేచనంలో రక్తం అంటే మొలలే. చాలాసార్లు అది నిజమే కూడా, కానీ నలభై దాటిన మనిషికి మొదటిసారి రక్తం పడినా, ఎప్పుడూ లేనిది విరేచనం తీరు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, మగవాడికి హిమోగ్లోబిన్ పడిపోయినా, అది మొలలేనని డాక్టరు చూసి చెప్పాలి, మందుల షాపువాడు కాదు, మొలల బోర్డు పెట్టుకున్నవాడు అసలే కాదు.

మనుషుల మీద నిలబడిన దారి కూడా ఒకటుంది, అది మాత్ర కాదు గనక ఎవరూ ఫోన్లలో పంపుకోరు. అమెరికాలోని మిన్నెసోటాలో 46,551 మంది మీద చేసి 1993లో రాసిన ఫలితం: కంటికి కనపడని రక్తం కోసం ఏటా మలపరీక్ష చేసి, ఉన్నవాళ్ళకి కొలనోస్కోపీ చేస్తే, పెద్దపేగు క్యాన్సర్‌తో చావులు మూడోవంతు తగ్గాయి. ఎలుకలు కాదు, మనుషులు. పాలిప్స్ కాదు, చావులు. కొలనోస్కోపీలో పాలిప్ కనపడితే అక్కడికక్కడే తీసేస్తారు, ఇక అది క్యాన్సర్ కావడమే ఉండదు. మన దగ్గర 30 దాటినవాళ్ళకి ప్రభుత్వం వాళ్ళు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు చూస్తున్నారు, చాలా మంచి పని. ఆ జాబితాలో పేగు లేదు. అందరికీ పెట్టలేకపోతే కనీసం ఇంట్లో తల్లికో తండ్రికో తోబుట్టువుకో వచ్చినవాళ్ళకైనా ఆ మలపరీక్ష పెట్టమని అధికారులని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. ఆ మావయ్య లాంటివాడికి కావలసింది అదే. సొంత తమ్ముడికి వచ్చింది కాబట్టి ఆయనకి అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువే, ఆయన భయం వట్టిది కాదు. వైద్యం కోసం ఇప్పుడు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, బావ విషయంలో నాకు తోచలేదు గానీ ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా ఆ పేరు చెప్తున్నాను.

మీకు నా విన్నపం. ఆరోగ్యం పేజీలో పరిశోధన వార్త వేసేటప్పుడు అది ఎలుకల మీద జరిగితే ఎలుకల మీద అని హెడ్డింగులోనే వేయండి. లోపల చివరి పేరాలో వేస్తే చాలదు, ఎందుకంటే ఫోన్లలో తిరిగేది హెడ్డింగే, కింది భాగం కత్తిరించేస్తారు. మనుషుల మీదైతే ఎంతమంది, ఎన్నాళ్ళు, తగ్గింది పిలకలా జబ్బా చావులా అన్నది ఒక్క వాక్యంలో రాయండి. శ్రీకాకుళం ఎడిషన్లో మందుల గురించి ఏది వేసినా, కిడ్నీ పరీక్ష చేయించుకోకుండా వాడొద్దని ఒక లైను కలపండి. నొప్పి మాత్రల గురించి రాసినా సరే. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పని చేసొచ్చి ఒళ్ళు నొప్పులకి రోజూ నొప్పి మాత్ర మింగేవాళ్ళు మా దగ్గర ఎంతమందో, అదీ కిడ్నీకి మంచిది కాదు, దాని మీద వేరే ఉత్తరం రాయాలి.

నా తోటి షాపులవాళ్ళకీ ఇదే చెప్తున్నాను. చీటీ లేకుండా మెట్‌ఫార్మిన్ ఇవ్వకండి. మనం ఇవ్వకపోతే ఎదుటివాడు ఇస్తాడన్న మాట నాకూ తెలుసు, బేరం పోతుందన్న టెన్షన్ నాకూ ఉంది, సోంపేటలో అద్దెలు నాకూ ఉన్నాయి. మా షాపులో అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను, షుగర్ లేనివాళ్ళకి షుగర్ మాత్ర ఇవ్వబడదు అని. ఇద్దరు ముగ్గురు చదివి ఎందుకని అడిగారు, అడిగితే చెప్తున్నాను.

ఆ మావయ్య ఇప్పుడు పలాస కిడ్నీ ఆస్పత్రిలో చూపించుకుంటున్నాడు. చెట్టెక్కడం మానలేదు, మానితే ఇల్లు గడవదు. నొప్పి మాత్రలు మాత్రం మానేశాడు. పేగు గురించి కూడా అక్కడి డాక్టరుకి చెప్పమన్నాను, తమ్ముడి పాత కాగితాలు పట్టుకెళ్ళాడు. కొడుకు ప్రేమతో పంపిన ఫొటో కదా, తీసేయడానికి ఆయనకి మనసొప్పలేదు, ఫోన్లో అలాగే ఉంచుకున్నాడు. ఆయన క్రియాటినిన్ రిపోర్టు ఫొటో తీసి ఆ ఫొటో కిందే పెట్టి, ఆయన చేతే మళ్ళీ కొడుక్కీ, వాళ్ళ ఊరి గ్రూపుకీ పంపించాను. మీరు ఈ ఉత్తరం వేస్తే దీని కటింగు కూడా అక్కడికే పంపుతాను, మీ పేపరు పేరు, తేదీ కత్తిరించకుండా.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా